వంశీ సినిమాల వరస: ఏడో వారం

దర్శకుడు వంశీ సినిమాలు ఒక్కోటీ చూస్తూ, నాకు నచ్చిన క్రమంలో జాబితా వేస్తున్నాను. ఈ వారంతో పది సినిమాలు అయ్యాయి. విడుదలైన వరసలో చూద్దామనుకున్నాను గానీ కుదరలేదు, దొరికిన వరసలో చూస్తున్నాను. ఒక్కో సినిమాకి ఒక అట్టముక్క. చూడకముందు దాని మీద నా మనసులో ఉన్న స్థానం ఒక మూల పెన్సిల్‌తో రాస్తాను. చూశాక మూడు రోజులు ఆగి అసలు స్థానం పెన్నుతో రాస్తాను. సినిమా అయిన రాత్రే రాస్తే ప్రతిదీ మొదటి మూడింట్లోకి వచ్చేస్తోంది, అందుకే ఈ మూడు రోజులు.

మార్కులు మానేశాను. అన్నిటికీ ఏడో ఎనిమిదో పడుతున్నాయి. ఇప్పుడు కొత్త అట్టను జాబితా నడిమధ్యలో ఉన్నదాని పక్కన పెట్టి ఒక్కటే అడుగుతాను: ఇవాళ రాత్రి ఈ రెండింట్లో ఒకటే చూడాలంటే ఏది? గెలిస్తే పై సగంలో మళ్ళీ మధ్యదానితో, ఓడితే కింది సగంలో. పది సినిమాలకి మూడు నాలుగు పోలికల్లో తేలిపోతుంది.

అసలు తలనొప్పి పాటలు. వంశీ సినిమా అనగానే ఇళయరాజా వచ్చి కూర్చుంటాడు. ‘ప్రేమించు పెళ్ళాడు’ (1985) అట్ట మీద పెన్సిల్ అంకె 3. ‘వయ్యారి గోదారమ్మ’, ‘నిరంతరమూ వసంతములే’ రెండూ అందులోవే కదా. తీరా చూస్తే కథలో నాకు గుర్తున్నది దాదాపు ఏమీ లేదు. పాటకీ పాటకీ మధ్య రెండుసార్లు ఫోన్ తీశాను. పెన్ను అంకె 9. పాటలు తెలిసినవాళ్ళు మా ఇంటినిండా ఉన్నారు, సినిమా మొత్తం చూసినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. అప్పట్నుంచి సినిమా చూసే ముందు వారం దాని పాటలు వినకూడదని నియమం పెట్టుకున్నాను.

‘అన్వేషణ’ (1985) దగ్గర ఆ నియమం పనికిరాలేదు. భానుప్రియ అడవికి వచ్చేదే పక్షుల కూతల్లో స్వరాలు వెతకడానికి. ‘కీరవాణి’ పాటని కథలోంచి ఊడదీసి పక్కన పెట్టలేం. హంతకుడెవరో తెలిసి చూసినా ఆ చెట్ల మధ్య నడక భయపెట్టింది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, లైటార్పి చూడండి. టీవీ స్పీకర్‌లో సగం పోతుంది. ఇప్పటికి రెండో స్థానం.

‘సితార’ (1984) మూడు. జానకి గారికి ‘వెన్నెల్లో గోదారి అందం’తో జాతీయ అవార్డు తెచ్చిన సినిమా, వంశీ సొంత నవల ‘మహల్లో కోకిల’ ఆధారం. దీనికి అన్యాయం చేశానేమో అని అనుమానం. నాకు దొరికిన ప్రింట్‌ని టీవీకి సరిపెట్టడానికి ఎవరో పైనా కిందా కోసేశారు. మహల్లో భానుప్రియ నిలబడితే నుదుటి బొట్టు పైన ఇంకేం లేదు. మంచి ప్రింట్ దొరికాక మళ్ళీ చూడాలి, అందుకే అట్ట మీద చుక్క పెట్టాను.

‘లేడీస్ టైలర్’ (1986) పెన్సిల్‌లో 1, పెన్నుతో 4. బట్టల సత్తి పాత్ర వచ్చిన ప్రతిసారీ ఇప్పటికీ నవ్వాగదు, తనికెళ్ళ భరణి మాటలు అలాంటివి. కానీ అదృష్టం తెచ్చే పుట్టుమచ్చ ఎవరికుందో అని ఒక్కో ఆడపిల్లనీ నమ్మించి వెళ్ళిపోయే టైలర్ సుందరం, ఇంటర్ చదివే రోజుల్లో అనిపించినంత సరదాగా అనిపించలేదు. పక్కన అక్క కూడా కూర్చుంది, అదీ కారణమేమో. “వీణ్ణి తన్నేవాళ్ళే లేరా ఊళ్ళో?” అంది.

మొదటి స్థానం ‘ఏప్రిల్ 1 విడుదల’ (1991). అబద్ధమే ఊపిరిగా బతికే దివాకరం, పందెం కోసం నిజాలే చెప్పాలి. ఇందులోనూ ఇళయరాజా ఉన్నాడు, అయినా మూడు రోజుల తర్వాత నాకు గుర్తొచ్చింది పాట కాదు, రాజేంద్రప్రసాద్ నోటి దాకా వచ్చిన అబద్ధాన్ని మింగే తీరు.

‘మంచు పల్లకి’ (1982) ఎనిమిది. తమిళ సినిమాకి రీమేక్, సంగీతం రాజన్-నాగేంద్ర. మిగతావి ఇంకా అటూ ఇటూ కదులుతున్నాయి.

ఈ ఆదివారం ‘అవును వాళ్ళిద్దరూ ఇష్టపడ్డారు’ (2002). చక్రి సంగీతం కాబట్టి, ఇళయరాజా లేకుండా వంశీ నాకు ఎంత నచ్చుతాడో ఇంకోసారి తేలుతుంది. పెన్సిల్‌తో 6 రాసి పెట్టాను.