పాత జింటీకి కొత్త డీకోడర్

ఆదివారం, లెస్టర్. పొద్దున్నుంచీ ముసురు.

పక్కింటి పెద్దాయన ఇచ్చిన ట్రయాంగ్ కంపెనీ బొమ్మ రైలింజన్, జింటీ, పని ఈ రోజు పట్టుకున్నాను. మార్గేట్ ఫ్యాక్టరీలో తయారైంది, ఆయన చిన్నప్పటిది. మనవడి పట్టాల మీద నడిస్తే చాలని ఆయన కోరిక. ఆ పట్టాలేమో డీసీసీవి, అంటే కరెంటుతో పాటు డిజిటల్ ఆదేశాలూ పట్టాల్లోనే వస్తాయి. వాటిని చదివి మోటారును నడిపే చిన్న బోర్డే డీకోడర్, ఇంజన్‌లో అది లేనిదే లాభం లేదు.

లోపలున్నది ఎక్స్04 మోటారు, 12 వోల్టుల డీసీకి చేసింది. చక్రాలు తిరగకుండా పట్టుకుని చూస్తే 0.8 ఆంపియర్లు లాగింది. 1 ఆంపియర్ డీకోడర్ సరిపోతుంది.

అసలు చిక్కు బ్రష్షుల దగ్గర, అంటే తిరిగే మోటారుకు కరెంటు అందించే ముక్కల దగ్గర. ఈ ఇంజన్లలో లోహపు చట్రమే ఒక తీగ. ఒక వైపు చక్రాల కరెంటు చట్రం గుండా నేరుగా ఒక బ్రష్షుకు చేరుతుంది. డీకోడర్ పెట్టాక అలా కుదరదు. కరెంటు ముందు డీకోడర్ బోర్డుకు రావాలి, అక్కడి నుంచే మోటారుకు పోవాలి. బ్రష్షు చట్రానికి తగిలిందా, బోర్డు మాడిపోతుంది. పోయిన నెల ఇంకో ఇంజన్‌లో నాకు అలాగే ఒకటి పోయింది. ఆ వాసన ఇంకా మర్చిపోలేదు.

రెండు బ్రష్షుల్నీ నొక్కి పట్టేది ఒకే స్ప్రింగు. దాని ఒక కాలికి ఫ్యాక్టరీలోనే తొడుగు వేశారు. సన్నటి తీగ మీది ప్లాస్టిక్ ఒలిచి రెండో కాలికి తొడిగాను. చట్రాన్ని కోయలేదు, రంధ్రం పెట్టలేదు. అరవై ఏళ్లు దాటిన వస్తువు మీద ఆకురాయి పెట్టడానికి నాకు మనసొప్పదు.

బ్రష్షుకూ చట్రానికీ మధ్య మల్టీమీటర్ పెడితే బీప్ మంది, అంటే రెండూ ఇంకా ఎక్కడో కలుస్తున్నాయి! గుండె జారింది. స్ప్రింగు విప్పి మళ్లీ బిగించాను, అయినా అదే కూత. గంటసేపు వెతికితే చివరికి టంకం బొట్టు ఒకటి చట్రానికి ఆనుకుని కనిపించింది. దాన్ని తీశాక మీటర్ నోరు మూసింది.

ఆ తర్వాత పని చకచకా అయిపోయింది. నారింజ, బూడిద రంగు తీగలు బ్రష్షులకు. ఎరుపు, నలుపు తీగల్లో ఒకటి చట్రానికి, ఒకటి రెండో వైపు చక్రాలకు. ముందు డీకోడర్ సెట్టింగులు చూసుకునే ప్రోగ్రామింగ్ పట్టా మీదే పెట్టాను, అక్కడ కరెంటు తక్కువ కాబట్టి తప్పున్నా బోర్డు బతుకుతుంది. అడ్రస్, అంటే డీకోడర్ నంబరు, చదవమంటే ఇంజన్ చిన్నగా ఉలిక్కిపడి, కొత్త డీకోడర్లకు మామూలుగా ఉండే 3 అని జవాబిచ్చింది. ఎంత సంతోషమో!

సాయంత్రం అతి తక్కువ వేగంలో గది చుట్టూ నడిచింది. పాత టీవీల్లో చుక్కలు రాకుండా అమర్చిన కెపాసిటర్‌ను డీకోడర్ కోసం విప్పేశాను, దాన్ని చిన్న కవర్లో వేసి ఇంజన్ పెట్టెలోనే ఉంచాను. పెద్దాయన ఎప్పుడైనా డీకోడర్ తీసేసి పాత డీసీ పట్టాల మీద నడుపుకోవాలంటే దాన్ని మళ్లీ పెట్టుకోవచ్చు.