తొడలు చేసిన పనికి లివర్ మీద నింద

టర్మ్ ఇన్సూరెన్స్ పాలసీ కోసం పరీక్షకు రక్తం ఇవ్వాల్సింది బుధవారం. నేను జిమ్‌లో చేరింది దానికి ముందు ఆదివారం. ఈ రెండింటికీ లంకె ఉంటుందని నాకేం తెలుసు?

నలభైకి దగ్గర పడ్డాను. సాయంత్రాలు ప్రకాశం బ్యారేజీ వైపు అరగంట నడక తప్ప ఒంటికి వేరే పని చెప్పింది లేదు. ట్రైనర్ కుర్రాడు మంచి హుషారు మీదున్నాడు. "అన్నా, ఇవాళ లెగ్ డే" అంటూ భుజాల మీద బరువు పెట్టి స్క్వాట్స్, చేతుల్లో డంబెల్స్‌తో లంజెస్ గంటసేపు చేయించాడు. పరువుకు పోయి నేనూ ఆపమనలేదు. సోమవారం పర్వాలేదు. మంగళవారం పొద్దున మంచం దిగడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. మెట్లు ఎక్కడం కన్నా దిగడం నరకం. పక్కకు తిరిగి, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్లూ ఆన్చి, పీతలా దిగాను.

బుధవారం శాంపిల్ తీసుకోవడానికి వచ్చిన అబ్బాయి, కాళ్లీడ్చుకుంటూ వెళ్లి తలుపు తీయడం చూశాడు కూడా. "ఫాస్టింగేనా సార్?" అని మాత్రం అడిగాడు.

మర్నాడు రిపోర్టు. లివర్ పరీక్షలో చూసే రెండు ఎంజైములు, ఎస్‌జీఓటీ 286, ఎస్‌జీపీటీ 94. ఆ ల్యాబు పైహద్దు రెండింటికీ 40. ఏజెంటు ఫోన్ చేసి, "ఏమనుకోకండి సార్, డ్రింక్స్ అలవాటుందా?" అన్నాడు. నెట్‌లో చూస్తే ఎస్‌జీఓటీ రెండో దానికి రెట్టింపు దాటితే ముందు అనుమానించేది మందునేనట! నేను బీరు వాసన కూడా ఎరగను. మా ఆవిడ నమ్మింది. అమ్మ మాత్రం కళ్లు పచ్చబడ్డాయేమోనని రెప్పలు లాగి చూసి, సాయంత్రానికల్లా నేల ఉసిరి తెప్పించి నూరడం మొదలుపెట్టింది.

శుక్రవారం గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆవిడ రిపోర్టు కన్నా ముందు నా నడక చూశారు.

"కాళ్లకేమైంది?"

జిమ్ సంగతి చెప్పాను. ఆవిడ నవ్వేసి, రిపోర్టులో నేను పట్టించుకోని వరసల మీద పెన్ను పెట్టారు. కామెర్లు ఉంటే పెరిగే బిలిరుబిన్ 0.7. జీజీటీ 22. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్‌తో సహా మూడూ నార్మల్. "ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ లివర్ సొత్తు ఒక్కటే కాదండీ, కండలోనూ ఉంటాయి, మొదటిది మరీ ఎక్కువ. కండ నలిగితే అవి రక్తంలోకి కారతాయి. జీజీటీ కండ నుంచి రాదు. లివర్ దెబ్బతింటే ఇదీ పెరిగే అవకాశం ఎక్కువ." అయినా ఊరికే నమ్మకుండా, కండ నలిగితే పెరిగే సీపీకే, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలు రాశారు. మూత్రం డికాషన్ రంగులో వస్తోందా అని రెండుసార్లు అడిగారు. అలా వస్తే కండ విపరీతంగా కరిగి కిడ్నీల మీద పడుతున్నట్టట, వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలట. నాకు రాలేదు. క్రియాటినిన్ బాగానే ఉంది. మామూలుగా 200 చుట్టుపక్కల ఉండాల్సిన సీపీకే మాత్రం 6,840!

తర్వాత ఇంట్లో కూర్చుని చదివితే 2008లో అచ్చయిన ఒక అధ్యయనం దొరికింది. బరువులెత్తే అలవాటు లేని 15 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్ల చేత గంటసేపు బరువులు ఎత్తించారు. కనీసం వారం రోజులపాటు వాళ్ల ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ పెరిగే ఉన్నాయి. బిలిరుబిన్, జీజీటీ కదల్లేదు. అచ్చం నా రిపోర్టే.

మరి ఇన్నేళ్ల నడకకు ఎందుకు పెరగలేదని డాక్టరుని అడిగాను. అలవాటైన నడక కండను అంతగా నలపదు. కొత్త బరువు, అందులోనూ బరువుతో మెల్లగా కిందికి దిగే కదలిక నలుపుతుంది. స్క్వాట్‌లో కూర్చోవడం, మెట్లు దిగడం, రెండూ ఆ జాతివే. అదే బరువు కొన్ని వారాలు చేస్తే కండ రాటుదేలి, అంకెలు అంత ఎగరవు. "జిమ్ మానకండి. ఒళ్లు తగ్గకపోయినా వ్యాయామం లివర్‌లో కొవ్వు తగ్గిస్తుంది. మెల్లగా పెంచండి, పరీక్షకు వారం పది రోజుల ముందు మాత్రం బరువులు ముట్టుకోకండి" అన్నారు. చివర్లో, "పసర్లేవీ తాగొద్దు, వాటితో నిజంగానే లివర్ పాడైనవాళ్లని చూస్తుంటాను" అని హెచ్చరించారు. ఈ మాట అమ్మకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. రోజూ పొద్దున్నే ఆవిడిచ్చిన పసరు మజ్జిగ బాల్కనీలో మందార కుండీకి పోశాను.

పన్నెండు రోజుల తర్వాత మళ్లీ ఆ అబ్బాయే వచ్చాడు, మళ్లీ అదే ప్రశ్న. "ఫాస్టింగే, జిమ్ కూడా మానేశా" అన్నాను. వాడికి అర్థం కాలేదు. ఎస్‌జీఓటీ 31కి దిగింది. ఎస్‌జీపీటీ 46, అది రక్తంలోంచి నిదానంగా పోయే రకం. డాక్టరు లెటరు రాసిచ్చాక, కంపెనీ ఇంకో నెల నాన్చి పాలసీ ఇచ్చింది.

అమ్మ ఇప్పుడు మా వీధిలో ఎవరికి నలతగా ఉన్నా నేల ఉసిరి చెబుతోంది. మా అబ్బాయికి 286 నుంచి 31కి దించింది మరి, అంటోంది.