యార్క్ నుంచి లఫ్‌బరో దాకా: 9ఎఫ్ గూడ్సు ఇంజన్ల వెంట

యార్క్ స్టేషన్ నుంచి నేషనల్ రైల్వే మ్యూజియానికి నడిచే వెళ్ళొచ్చు, ప్రవేశం ఉచితం. జనం ఎక్కువగా వేగానికి పేరుపడ్డ మల్లార్డ్ చుట్టూ మూగుతారు. నేను వెళ్ళింది 92220 నంబరు ఈవెనింగ్ స్టార్ కోసం. బ్రిటిష్ రైల్వేస్ కట్టిన ఆఖరి ఆవిరి ఇంజన్ ఇదే. 1960 మార్చిలో స్విండన్ వర్క్‌షాపు నుంచి బయటికొచ్చింది. ఆకుపచ్చ రంగు, పొగగొట్టానికి రాగి అంచు చూసి ప్యాసింజర్ బండి ఇంజన్ అనుకుంటారు. ఆఖరిదని చేసిన ప్రత్యేక అలంకారం అది. దీని తోటి ఇంజన్లన్నీ నల్లటివే, ఎక్కువగా బొగ్గూ ఇనుప ఖనిజమూ లాగినవే.

బ్రిటిష్ రైల్వేస్ ఇంజన్ల రూపకల్పన చూసిన రాబర్ట్ రిడిల్స్ హయాంలో రూపుదిద్దుకున్న ఈ 9ఎఫ్ తరగతిలో 1954 నుంచి 1960 దాకా 251 ఇంజన్లు తయారయ్యాయి. 198 క్రూ వర్క్‌షాపులో, 53 స్విండన్‌లో. నంబర్లు 92250 దాకా ఉన్నా ఆఖరిది 92220 కావడానికి కారణం, క్రూ తన వంతు ముందే ముగించడం.

ఇంజన్ పక్కన వంగి నడిమి చక్రాన్ని చూడండి. ముందు రెండు చిన్న చక్రాలు, వాటి వెనక అయిదు ఇరుసుల మీద పది పెద్ద చక్రాలు. ఆ అయిదింటిలో మూడో ఇరుసు చక్రాలకు పట్టా లోపలి వైపు ఉండాల్సిన అంచు లేదు, నున్నగా ఉంటాయి. రెండో, నాలుగో ఇరుసుల చక్రాలకు అంచు ఉంది గానీ లోతు తక్కువ. మొదటి ఇరుసుకీ అయిదో ఇరుసుకీ మధ్య 21 అడుగుల 8 అంగుళాల దూరం. అంత పొడవైన బిగువు చట్రం మలుపు తిరగాలంటే నడిమి చక్రం పట్టా మీద పక్కకు జరగాలి, అంచుంటే పట్టాకు ఒరుసుకుంటుంది. ఇప్పుడు ఈ ఇంజన్లను మెయిన్ లైన్ మీదికి రానివ్వకపోవడానికి కారణం కూడా ఈ చక్రమే. బండి ఒక లైను నుంచి ఇంకోదానికి మారే కొత్త పాయింట్ల దగ్గర కొన్నిచోట్ల చెక్ రైలు (చక్రం దారి తప్పకుండా పక్కనే వేసే అదనపు పట్టా) అసలు పట్టా కన్నా ఎత్తుగా ఉంటుంది, అంచులేని చక్రం దానికి తగులుతుందని భయం.

పది చక్రాలు ఎందుకంటే పట్టు కోసం. ఒక్కో ఇరుసు మీద సుమారు పదిహేనున్నర టన్నులు, అయిదింటికి కలిపి 77 టన్నుల పైచిలుకు. లాగే శక్తి 39,667 పౌండ్లు. పట్టాలను నొక్కే బరువు లాగే శక్తికి నాలుగు రెట్లు దాటింది కాబట్టి చక్రం ఊరికే జారదు. ఇరుసు బరువు తక్కువ కాబట్టి చాలా మార్గాల్లో తిప్పొచ్చు. చక్రం వ్యాసం 5 అడుగులే కావడంతో 40.2 చదరపు అడుగుల నిప్పు జాలీ ఉన్న వెడల్పాటి ఫైర్‌బాక్సును (బొగ్గు మండే పెట్టెను) వెనక చక్రాల పైనే కూర్చోబెట్టారు, అందుకే బాయిలర్ అంత ఎత్తున కనిపిస్తుంది. అంత జాలీ మీద పారతో బొగ్గు వేసే ఫైర్‌మన్ ముందుగా వెనక మూలలు నింపాలి. ఎక్కడైనా నిప్పు పలచబడి గుంత పడితే అక్కడి నుంచి చల్లగాలి దూరి ఆవిరి ఒత్తిడి పడిపోతుంది.

ఇంత చిన్న చక్రాలతోనూ 1958లో 92184 స్టోక్ వాలులో గంటకు 90 మైళ్ళు అందుకుందని నమోదైంది. అంటే చక్రం నిమిషానికి 500 సార్లకు పైగా తిరిగినట్టు. గూడ్సు ఇంజన్‌కు అది మితిమీరిన శ్రమ.

మ్యూజియంలో కనిపించనిది క్రోస్టీ రకం. 92020 నుంచి 92029 దాకా పది ఇంజన్లకు 1955లో బాయిలర్ కింద ఇంకో డ్రమ్ము అమర్చారు. పొగను దాని గుండా వెనక్కి తిప్పి, ఆ వేడితో నీటిని ముందే కాచాలన్నది ఆలోచన. కానీ పొగ బాగా చల్లబడి తేమ పట్టింది, బొగ్గులోని గంధకంతో కలిసి ఆమ్లమై లోహాన్ని తినేసింది. పొగగొట్టం ఇంజన్ పక్కన క్యాబ్‌కు దగ్గరగా ఉండడంతో పొగ డ్రైవర్ మీదికే వచ్చేది. ఆశించిన బొగ్గు ఆదా రాలేదు. కొన్నేళ్ళకే డ్రమ్ముల వాడకం ఆపి, మామూలు పొగగొట్టంతోనే నడిపారు.

యార్క్ నుంచి ఉత్తరంగా కాన్సెట్ వెళ్ళాను. ఇప్పుడు ఆ ఊరికి రైలు లేదు. ఉక్కు ఫ్యాక్టరీ 1980లో మూతపడింది, పాత లైను సైకిళ్ళ బాటైంది. టైన్ డాక్ రేవులో దిగిన ఇనుప ఖనిజాన్ని పెల్టన్, స్టాన్లీల మీదుగా ఈ దారినే పైకి చేర్చేవారు. వాలు కొన్నిచోట్ల 1:35, అంటే 35 అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి. సైకిల్ మీద కాన్సెట్ నుంచి కిందికి రావడం సుఖం. కానీ ఇంజన్ పని తెలియాలంటే కింది నుంచి తొక్కాలి, తొడలే చెబుతాయి. ఒక్కో వ్యాగన్‌లో 56 టన్నుల ఖనిజం, ముందొక ఇంజన్, వెనక తోసేందుకు బ్యాంకర్‌గా ఇంకొకటి. ఈ పనికి కేటాయించిన పది 9ఎఫ్‌లకు (92060–66, 92097–99) కుడిపక్క రెండేసి గాలి పంపులు బిగించారు. అవి బ్రేకుల కోసం కాదు, వ్యాగన్ల తలుపులు గాలితో తెరిచి మూయడానికి. గమ్యం చేరాక తలుపులు తెరిస్తే ఖనిజం మొత్తం క్షణాల్లో జారిపోయేది. ఆవిరితో ఈ పని 1966 దాకా సాగింది.

తర్వాత లఫ్‌బరో. మామూలు స్టేషన్ వేరు, గ్రేట్ సెంట్రల్ రైల్వే వారి లఫ్‌బరో సెంట్రల్ వేరు, ఒకదాని నుంచి ఒకదానికి నడవొచ్చు. ఎనిమిది మైళ్ళ వారసత్వ లైను, అందులో ఎక్కువ భాగం జంట పట్టాలు. స్విండన్‌లో 1959లో తయారైన 92214 ఉండేది ఇక్కడే. బొగ్గు మోసిన 16 టన్నుల వ్యాగన్ల వరసా ఇక్కడుంది. ఒకప్పుడు 9ఎఫ్‌లు ఆనెస్లీ నుంచి వుడ్‌ఫర్డ్ హాల్స్‌కు బొగ్గు బండ్లు పరుగెత్తించింది ఈ గ్రేట్ సెంట్రల్ మార్గంలోనే.

ఇదే లైన్లోని క్వోర్న్ స్టేషన్‌లో వ్యాగన్ల మధ్య గొలుసు చూడండి. మూడే లంకెలు. షంటర్ (వ్యాగన్లను తగిలించే, విడదీసే పనివాడు) పొడవైన కర్ర కొక్కెంతో పక్కనుంచే తగిలిస్తాడు. ఇలాంటి బండ్లలో వ్యాగన్లకు డ్రైవర్ చేతిలో ఉండే బ్రేకు లేదు, ఆపేది ఇంజను, దాని వెనక బొగ్గూ నీళ్ళూ మోసే టెండరు, చివర గార్డు పెట్టె. డ్రైవర్ ఒక్కసారిగా ఆవిరి ఇస్తే గొలుసులు ఒకదాని వెంట ఒకటి బిగిసి చివరి పెట్టెలో గార్డు విసిరేసినట్టు పడతాడు, లంకె తెగినా తెగుతుంది. అందుకే బయలుదేరేటప్పుడు అడుగులో అడుగు వేసినట్టు కదిలిస్తాడు. పల్లంలో గార్డు చేతిబ్రేకు బిగించి గొలుసులు వదులు కాకుండా పట్టి ఉంచుతాడు.

ఈ ఇంజన్లు పనికిరాక పోలేదు. 1955 ఆధునికీకరణ పథకంతో డీజిళ్ళు వచ్చాయి, 1964లో తొలగింపులు మొదలై 1968 జూన్‌కల్లా ముగిశాయి. ఈవెనింగ్ స్టార్ పనిచేసింది అయిదేళ్ళే. ముప్ఫై ఏళ్ళు నడవగల యంత్రాలను అలా తుక్కుకు పంపడం నాకిప్పటికీ మింగుడుపడదు. మన దగ్గర చిత్తరంజన్‌లో ఆఖరి బ్రాడ్‌గేజ్ ఆవిరి ఇంజన్ 1970లో తయారైంది. అదీ గూడ్సుదే, డబ్ల్యూజీ తరగతి.

మిగిలిన తొమ్మిది 9ఎఫ్‌లలో ఏడు వేల్స్‌లోని బ్యారీ తుక్కు యార్డు నుంచి బయటపడ్డవే. చిత్రకారుడు డేవిడ్ షెపర్డ్ నేరుగా రైల్వే నుంచి కొన్న 92203, 1982లో ఒక రాతి క్వారీ దగ్గర 2,162 టన్నుల బండిని ఒంటరిగా లాగింది. నడుస్తున్నదాన్ని చూడాలంటే టికెట్టు కొనే ముందు ఆ రోజు ఏ ఇంజన్ వస్తుందో కనుక్కోండి. బాయిలర్ అనుమతి పదేళ్ళే, అది తీరితే పూర్తిగా విప్పి బాగుచేసేదాకా ఇంజన్ ఏళ్ళ తరబడి షెడ్డులోనే ఉండొచ్చు. గూడ్సు వ్యాగన్లతో నడిపేది కూడా ఎక్కువగా ప్రత్యేక ఉత్సవాల రోజుల్లోనే.