రెండో లైన్ తీసుకున్నా మొదటి లైనే నిండింది: నా అనుభవం

మల్కాజ్‌గిరి చుట్టుపక్కల కొన్ని కాలనీలకు ఇంటర్నెట్ ఇచ్చే చిన్న సంస్థలో నెట్‌వర్క్ పని అంతా నేను ఒక్కడినే చూసుకుంటాను. రాత్రి ఎనిమిది దాటగానే మా 10 గిగాబిట్ల లైన్ నిండిపోవడం, వీడియోలు ఆగిపోతున్నాయని కాలనీల నుంచి ఫోన్లు రావడం మామూలైపోయాక, మేమంతా అన్న అని పిలుచుకునే మా యజమాని ఇంకో ప్రొవైడర్ దగ్గర అంతే సామర్థ్యం గల రెండో లైన్ తీసుకున్నారు. ఆ రెండు లైన్ల మీద ట్రాఫిక్ సమంగా పడేలా చేయడానికి నాకు పందొమ్మిది రోజులు పట్టింది. పని నిన్న రాత్రే ముగిసింది కనుక, కోపం చల్లారకముందే రాస్తున్నాను.

ఇంటర్నెట్‌లో మా నెట్‌వర్క్‌కు గుర్తింపుగా ఉండే సొంత ఏఎస్ నంబరు, స్లాష్ 23 అనే అడ్రసుల గుంపు, అంటే 512 ఐపీవీ4 అడ్రసులు, దేశంలో వీటిని కేటాయించే ఐఆర్ఐఎన్ఎన్ ద్వారా మాకు ముందే ఉన్నాయి. స్లాష్ తర్వాతి అంకె పెరిగేకొద్దీ గుంపు చిన్నదవుతుంది; స్లాష్ 24 అంటే ఇందులో సగం. ఏ అడ్రసులకు ఏ దారిన రావాలో నెట్‌వర్కులు ఒకదానికొకటి చెప్పుకునే బీజీపీ సెషన్ కొత్త ప్రొవైడర్‌తో ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది. బయటికి వెళ్లే ట్రాఫిక్‌ను, రౌటర్ ఏ దారిని ఇష్టపడాలో చెప్పే లోకల్ ప్రిఫరెన్స్ అనే విలువ మార్చి అరగంటలో పంచేశాను.

అయితే ఇళ్లకు ఇంటర్నెట్ ఇచ్చేవారికి బయటికి వెళ్లేది ఒక లెక్కలోది కాదు. జనం చూసే వీడియోలన్నీ లోపలికి వచ్చేవే. మన గడప దాటాక ఏ వీధిన వెళ్లాలో మన ఇష్టం గానీ, మన ఇంటికి వచ్చే చుట్టం ఏ వీధిన రావాలో ఆ చుట్టం ఇష్టం. అందుకు అందరూ చెప్పే ఉపాయం ప్రీపెండింగ్: మొదటి ప్రొవైడర్‌కు మన రూటును, అంటే మన అడ్రసులకు చేరే దారిని, ప్రకటించేటప్పుడు మన ఏఎస్ నంబరునే పదేపదే చేర్చి, ఆ దారి పొడవైనదిగా కనిపించేలా చేయడం. మూడుసార్లు చేర్చాను, ఆ తర్వాత ఐదుసార్లు చేర్చాను. రాత్రి గ్రాఫ్ చూస్తే మొదటి లైన్ పైకప్పుకు తగిలి బల్లపరుపుగా ఉంది, రెండోది నేలమీదే పాకుతోంది.

కారణం నాకు నాలుగు రోజుల తర్వాత అర్థమైంది. మా కస్టమర్లు చూసే వీడియోల్లో ఎక్కువ భాగం మొదటి ప్రొవైడర్ నెట్‌వర్క్‌లోనే పెట్టిన, వీడియోల నకళ్లు దాచి ఉంచే కాష్ సర్వర్ల నుంచి వస్తోంది. డబ్బు కట్టే మాలాంటి కస్టమర్ నుంచి విన్న రూటుకు, సాటి నెట్‌వర్క్ నుంచి విన్న రూటు కన్నా ఎక్కువ లోకల్ ప్రిఫరెన్స్ ఇవ్వడం ప్రొవైడర్లలో ఉన్న ఆనవాయితీ. బీజీపీ ముందు చూసేది దాన్నే. దారిలో ఎన్ని ఏఎస్ నంబర్లున్నాయో చెప్పే ఏఎస్ పాత్ పొడవు వంతు ఆ తర్వాతే వస్తుంది. నేను ఐదుసార్లు కాదు, యాభైసార్లు చేర్చినా వారి రౌటర్ చూసేది కాదు.

ఆ ప్రిఫరెన్స్‌ను తగ్గించమని ప్రొవైడర్‌కు చెప్పడానికి, రూటుతో పాటు పంపే కమ్యూనిటీలు అనే సంకేత సంఖ్యలు ఉంటాయి. వాటి జాబితా పంపమని టికెట్ పెడితే, రౌటర్ ఒకసారి రీస్టార్ట్ చేయమని జవాబు వచ్చింది. మూడుసార్లు పెట్టాను, మూడుసార్లూ సమస్య తీరిపోయిందని వారే రాసి మూసేశారు. కాబట్టి లైన్ కొనేవారు సంతకానికి ముందే కమ్యూనిటీల జాబితా చేతికి తీసుకోండి. "కమ్యూనిటీ అంటే ఏంటి సార్?" అని సేల్స్ మనిషి అడిగితే, ఆయన ఇప్పించిన టీ కూడా తాగకుండా లేచి వచ్చేయండి.

ఇక మిగిలింది మా అడ్రసుల గుంపును ముక్కలు చేయడం. లోకల్ ప్రిఫరెన్స్ ఎంత ఉన్నా, ప్యాకెట్ పోయేది అడ్రసుకు అతి దగ్గరగా సరిపోయే చిన్న ప్రిఫిక్స్ (అడ్రసుల గుంపు) వైపే. 2008 ఫిబ్రవరి 24న యూట్యూబ్ తన స్లాష్ 22ను ప్రకటిస్తుండగా, పాకిస్తాన్ టెలికాం దానిలోని ఒక స్లాష్ 24ను ప్రకటించడంతో ప్రపంచంలో చాలాచోట్ల యూట్యూబ్ ఆగిపోయింది. అదే సూత్రాన్ని నేను మా సొంత అడ్రసుల మీద మంచికి వాడదలిచాను. స్లాష్ 23ను రెండు వైపులా ప్రకటిస్తూనే, అందులో మొదటి స్లాష్ 24ను పాత ప్రొవైడర్‌కు, రెండోదాన్ని కొత్త ప్రొవైడర్‌కు మాత్రమే ఇచ్చాను. ఒక లైన్ తెగినా స్లాష్ 23 ఆదుకుంటుంది. కాగితం మీద ఎంతో ముచ్చటగా ఉంది.

ఫలితం శూన్యం. కొత్త ప్రొవైడర్ తన రౌటర్లకు తెలిసిన రూట్లను బయటివారికి చూపే లుకింగ్ గ్లాస్ పేజీలో చూస్తే మా స్లాష్ 24 అసలు కనిపించలేదు. మా స్లాష్ 24ను అనుమతించేలా ఫిల్టర్ మార్చమని నేను ముందే మెయిల్ పెట్టి ఉన్నాను కనుక, వారు మార్చలేదని తేల్చేసుకున్నాను. మొదటి ప్రొవైడర్ మీద ఉన్న కసి కూడా కలిపి, ఫిల్టర్ మార్చడం కూడా రాకుండా వ్యాపారం ఎలా చేస్తున్నారని రాసి, అన్నను కూడా కాపీలో పెట్టాను. మర్నాడు వారే ఫోన్ చేశారు. అన్న స్పీకర్ ఆన్ చేసి, టీ గ్లాసు పట్టుకుని నా కుర్చీ వెనకే నిలబడ్డారు.

అవతల మాట్లాడిన అమ్మాయికి పాతికేళ్లు కూడా ఉండవనిపించింది. "సార్, ఫిల్టర్ మంగళవారమే మార్చాం. మీ స్లాష్ 24 ఆర్‌పీకేఐలో ఇన్‌వ్యాలిడ్ వస్తోంది, అందుకే మా రౌటర్లు తీసుకోవడం లేదు. మీ ఆర్‌ఓఏలో మ్యాక్స్ లెంత్ ఎంత పెట్టారో ఒకసారి చూస్తారా?" అని ఎంతో మర్యాదగా అడిగింది. ఏ అడ్రసులను ఏ ఏఎస్ ప్రకటించవచ్చో ధ్రువీకరించే వ్యవస్థ ఆర్‌పీకేఐ, అందులో మనం పెట్టే ధ్రువపత్రం ఆర్‌ఓఏ, ఎంత చిన్న ముక్క వరకు ప్రకటించవచ్చో అందులో చెప్పేది మ్యాక్స్ లెంత్. నేను పోర్టల్ తెరిచాను. అక్కడ 23 అని ఉంది. ఈ అడ్రసులను మా ఏఎస్ నుంచి స్లాష్ 23గా తప్ప అంతకన్నా చిన్న ముక్కగా ఎవరు ప్రకటించినా నమ్మవద్దని ప్రపంచానికి చెప్పింది నేనే. రెండేళ్ల క్రితం నా చేతులతో నేనే చేసి, మన అడ్రసులను ఇక ఎవడూ దొంగిలించలేడని ఇదే గదిలో అన్నకు గొప్పగా చెప్పింది కూడా నేనే. స్లాష్ 23 చెల్లుబాటులోనే ఉండడం వల్ల ట్రాఫిక్ ఆగకుండా పాత దారిలోనే వచ్చింది కాబట్టి కస్టమర్లెవరికీ తెలియలేదు, నాకూ తెలియలేదు.

"ఏం తమ్మీ, తప్పు మనదేనా?" అన్నారు అన్న. ఫోన్ ఇంకా ఆన్‌లోనే ఉంది.

రెండు స్లాష్ 24లకూ విడివిడిగా ఆర్‌ఓఏలు చేశాను. మ్యాక్స్ లెంత్‌ను 24కు పెంచినా పని జరిగేది గానీ, ప్రకటించే ప్రిఫిక్సులకు మాత్రమే విడిగా చేయడం మేలని 2022లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9319 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం చెబుతోంది. ఈసారి చదివి మరీ చేశాను. సాయంత్రానికి రూటు కనిపించింది. ఆ అమ్మాయికి క్షమాపణ మెయిల్ రాశాను, కాపీలో అన్నను పెట్టలేదు. తర్వాత రెండు రాత్రులు అపార్ట్‌మెంట్లు ఎక్కువగా ఉన్న కాలనీల నాట్ పూల్‌ను, అంటే ఆ ఇళ్లన్నీ కలిసి వాడుకునే బయటి అడ్రసులను, రెండో స్లాష్ 24లోకి మార్చుకుంటూ కూర్చున్నాను.

నిన్న రాత్రి తొమ్మిదిన్నరకు రెండు గ్రాఫులూ దాదాపు ఒకే ఎత్తున నడిచాయి. అన్న కాసేపు వాటిని చూసి, "ఇప్పుడు మొదటోనికి లైన్ సగానికి తగ్గించమని రాద్దామా?" అన్నారు. ఒక లైన్ తెగితే భారమంతా రెండోదాని మీదే పడుతుందని ఆయనను ఒప్పించేసరికి పదకొండు దాటింది.