ఎంత కదలనివ్వాలి

బుధవారం, రాత్రి

ఈరోజు మా ఎముకల ఓపీలో పెద్ద విశేషాలేం లేవు. అన్నీ పాత కేసులే. కుట్లు తీయించుకోడానికో, ఎక్స్-రే చూపించుకోడానికో వచ్చినవాళ్ళు. ఎమర్జెన్సీ ఉన్న రోజున ఎముకంటే ముక్కలూ, స్క్రూలూ, గడియారమూ, అంతే. ఇలా చప్పగా గడిచే రోజుల్లోనే దాని గురించి తీరిగ్గా ఆలోచించే వీలు చిక్కుతుంది.

మొదట వచ్చినాయన మోకాలి కింది ఎముక విరిగితే లోపల రాడ్ వేయించుకున్న మనిషి. ఎక్స్-రే ఒళ్ళో పెట్టుకుని మొహం వేలాడేసుకుని కూచున్నాడు. "సార్, ఇక్కడ గడ్డలా లేచింది చూడండి. లోపల చీము గానీ పట్టిందా?" అంటూ విరిగిన చోట వేలు పెట్టి చూపించాడు. నిజమే, ఎముకకు రెండు పక్కలా ఉబ్బెత్తుగా, అంచులు అలుక్కుపోయినట్టు తెల్లగా కనిపిస్తోంది. ఆయన దేనికి భయపడుతున్నాడో దాన్ని చూసే నేను లోలోపల తెగ సంతోషపడుతున్నాను. అది చీము కాదు, కాలస్. కొత్త ఎముక.

వెనకే వచ్చినావిడది సరిగ్గా దీనికి తలకిందుల దిగులు. ఆవిడకు ముంజేతి ఎముక విరిగితే ముక్కల్ని దగ్గరకు నొక్కి ప్లేటు బిగించాం. ఎక్స్-రేలో గడ్డా లేదు, ఉబ్బూ లేదు. విరిగిన గీత కొద్దికొద్దిగా మాసిపోతోంది, అంతే. "బయట కూచున్నాయన ఫిల్ములో ఇంత లావున వచ్చిందండీ. నాకు అసలేం రాలేదే?" అంది. ఓపీ బయట బెంచీ మీద ఒకరి ఎక్స్-రేలు ఒకరు చూసుకుని తీర్పులు చెప్పుకోవడం మా విభాగంలో మామూలే.

ఇద్దరికీ "బ్రహ్మాండంగా అతుక్కుంటోంది" అనే చెప్పాను. ఇద్దరూ పూర్తిగా నమ్మినట్టు లేరు. నమ్మేలా చెప్పాలంటే మనిషికి అరగంట కావాలి. ఆ అరగంట ఓపీలో దొరకదు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

ఎముకను డాక్టర్లు అతికిస్తారని లోకం అనుకుంటుంది. మేం ముక్కల్ని వరసలోకి తెచ్చి పట్టి ఉంచుతాం. అతుక్కునేది మాత్రం ఎముక తనంతట తానే. ఏ దారిలో అతుక్కోవాలన్నది మాత్రం విరిగిన చోట ఎంత కదలిక మిగిలిందన్న దాన్నిబట్టి తేలుతుంది. రాడ్ ఉన్న కాలితో అడుగు వేసినప్పుడల్లా ముక్కల మధ్య రవ్వంత కదులుతుంది. ఆ కదలికే కాలస్‌ను పుట్టిస్తుంది. ముందు రక్తం గడ్డకడుతుంది, అందులోకి మెత్తటి కణజాలం పాకుతుంది, అది మృదులాస్థి అవుతుంది, ఆ మృదులాస్థి ఎముకగా మారుతుంది. తల్లి కడుపులో బిడ్డ కాళ్ళూ చేతులూ ఎముకలుగా తయారయ్యేదీ ఈ పద్ధతిలోనే.

ప్లేటుతో నొక్కి బిగించిన చేతిలో ఆ కదలిక లేదు. అక్కడ నడిచేది వేరే పని. ఎముకను తినే ఆస్టియోక్లాస్టులు అనే కణాలు ముందు నడుస్తూ విరిగిన గీతకు అడ్డంగా, ఈ ముక్కలోంచి ఆ ముక్కలోకి సన్నటి సొరంగాలు తవ్వుకుంటూ పోతాయి. వాటి వెనకే ఎముకను కట్టే కణాలు, ఆస్టియోబ్లాస్టులు, ఆ సొరంగాన్ని కొత్త ఎముకతో నింపుకుంటూ వస్తాయి. తవ్వకం వేగం రోజుకు 50 నుంచి 100 మైక్రాన్లు. మిల్లీమీటరు దూరానికే పది ఇరవై రోజులు. బయటికి ఏ ఉబ్బూ కనపడదు. బెల్జియం సర్జన్ రాబర్ట్ డానిస్ 1949లో ఈ రకం అతుకు గురించి రాసేదాకా, కాలస్ లేకుండా ఎముక అతుక్కోవడమేంటని నవ్వేవాళ్ళే ఎక్కువ అయ్యుంటారని నా అనుమానం.

ఈ కదలికను లెక్కలోకి దించినవాడు స్విట్జర్లాండులో పనిచేసిన స్టీఫన్ పెరెన్. ఆయన చూడమన్నది ఎంత కదులుతోందని కాదు. ముక్కల మధ్య ఎంత సందు ఉంది, అందులో ఎన్నో వంతు సాగుతోంది అని. తొలినాళ్ళ మెత్తటి కణజాలం తన పొడవుకు రెట్టింపు సాగినా, అంటే 100% సాగినా ఓర్చుకుంటుంది. మృదులాస్థి 10% దాకా. ముదిరిన ఎముక 2% దాటితే చీలిపోతుంది. ఎక్కడ బతకగలదో అక్కడే ఏ కణజాలమైనా పుడుతుంది. మెత్తటిది పుట్టి కదలికను కాస్త తగ్గిస్తే, దానికంటే గట్టిది పుట్టడానికి చోటు దొరుకుతుంది. ఒకదాని భుజమెక్కి ఇంకోటి.

తిరకాసు సందు దగ్గర ఉంది. అర మిల్లీమీటరు కదలిక 1 మి.మీ. సందులో అయితే 50%. అదే కదలికను 10 మి.మీ. మేర నుజ్జయిన చోట పంచితే 5%. అందుకే ఫిల్ము చూడగానే గుండె గుభేలుమనిపించే ఎముకలు రాడ్ మీద హాయిగా అతుక్కుపోతాయి. ఒకే ఒక్క గీతగా, నీటుగా విరిగిన ఎముకకు వదులు ప్లేటు పడిందంటే మాత్రం నెలల తరబడి ఏడిపిస్తుంది. చూడ్డానికి సులువుగా ఉన్న ఫ్రాక్చరే చేతికి కష్టం. ఇది జూనియర్ల బుర్రకు ఎక్కించడానికి నానా తంటాలు పడతాను.

ఇక ఆయన్ను భయపెట్టిన ఆ ఉబ్బు. కడ్డీ వంగకుండా నిలిచే శక్తి దాని వ్యాసార్థం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 10 మి.మీ. మందమున్న ఘన కడ్డీని 12 చేస్తే పెరిగింది రెండు మిల్లీమీటర్లే, గట్టిదనం మాత్రం రెట్టింపు దాటుతుంది. తొలి కాలస్‌లోని ఎముక నాసిరకం, పీచు అడ్డదిడ్డంగా ఉంటుంది. ఆ నాసిరకాన్నే మధ్య నుంచి దూరంగా, బయటి వైపు పేర్చడంతో అతుకు వంగకుండా నిలుస్తుంది. లోపల మేలురకం ఎముక తయారయ్యాక, బయటి ఉబ్బును తీరిగ్గా నెలలూ ఏళ్ళూ తీసుకుని చెక్కేసుకుంటుంది. ఇంజనీరింగు చదవకుండా ఈ పద్ధతి కనిపెట్టిన దానికి దండం పెట్టాలి.

ఓపీ ముగుస్తుందనగా ఒక పెద్దావిడ వచ్చింది. కుడి తుంటి కీలు అరిగిపోయింది, ఆపరేషన్ ఇప్పుడే వద్దంటుంది. కర్ర కుడి చేతిలోనే పట్టుకుని కుంటుతోంది.

"కర్ర ఎడమ చేతికి మార్చుకోండమ్మా."

"నొప్పి ఇటు ఉంటే ఆసరా అటా నాయనా?"

ఒంటికాలి మీద నిలబడినప్పుడు ఒంటి బరువు తుంటి కీలుకు దూరంగా, లోపలివైపు పడుతుంది. ఆ బరువుకు నడుము అటు ఒరిగిపోకుండా పట్టే పిరుదు కండరం కీలుకు బాగా దగ్గరగా ఉంటుంది. తూగుడు బల్లకు పొట్టి వైపున కూచుని అవతలి బరువును తూచినట్టే కాబట్టి, అది ఒంటి బరువుకు రెట్టింపు దాకా లాగాలి. ఆ లాగుడూ, బరువూ కలిసి కీలు మీద పడేది ఒంటి బరువుకు రెండున్నర, మూడు రెట్లు. జర్మన్ సర్జన్ ఫ్రీడ్రిష్ పావెల్స్ ఈ లెక్కలన్నీ కాగితం మీద వేసి చూపించాడు. కర్రను అవతలి చేత్తో నొక్కితే ఆ నొక్కుడు కీలుకు చాలా దూరంలో పనిచేస్తుంది కాబట్టి, కాస్త నొక్కినా కండరానికి పెద్ద భారం దిగుతుంది. ఇదంతా ఆవిడకు చెప్పలేదు. వరండా చివరిదాకా నడిచి రమ్మన్నాను. వచ్చి, "ఓరి, తేలిగ్గానే ఉంది" అంది. మాత్రలు రాసి ఇంత మంచిపేరు ఎప్పుడూ తెచ్చుకోలేదు.

మధ్యాహ్నం పీజీలకు క్లాసు. బేసిక్ సైన్స్ అంటే వాళ్ళకు పరీక్ష ముందు వారం తిరగేసే అధ్యాయం. అందుకని స్లైడ్లు పక్కనపెట్టి తలా రెండు సుద్దముక్కలు ఇచ్చాను. మొదటిదాన్ని వంచమన్నాను. టక్కుమని అడ్డంగా విరిగింది. రెండోదాన్ని మెలిపెట్టమన్నాను. విరిగిన అంచు వాలుగా, సుద్ద చుట్టూ మెలి తిరిగి వచ్చింది, నిలువుకు 45 డిగ్రీల దగ్గర. ఒకమ్మాయి రెండు ముక్కల్నీ మళ్ళీ కలిపి పట్టుకుని, "సార్, ఇది అచ్చం నిన్నటి కేసే" అంది. నిన్న రాత్రి వచ్చిన కుర్రాడికి పాదం నేలకు పట్టుబడిపోయి ఒళ్ళు తిరిగిపోయింది. అతని ఎక్స్-రేలోనూ అదే గీత.

గట్టి ఎముకను నిలువునా నొక్కితే దాదాపు 200 మెగాపాస్కల్స్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) దాకా ఓర్చుకుంటుంది. లాగితే 130 దగ్గరే తెగుతుంది. వంచినప్పుడు సాగే వైపు ముందు విరగడానికి కారణం అదే. నలిగే వైపు తరచూ ఒక త్రికోణపు ముక్క ఊడిపోతుంది. ఆ ముక్క ఏ వైపు ఉందో చూస్తే దెబ్బ ఎటునుంచి తగిలిందో తెలిసిపోతుంది. వేగం సంగతీ చెప్పాను. వేగంగా బరువు పడితే ఎముక మరింత బిర్రబిగుస్తుంది, విరిగేలోపు ఎక్కువ శక్తిని లోపల దాచుకుంటుంది. విరిగిన క్షణాన అదంతా ఒక్కసారిగా బయటికి వస్తుంది. చుట్టూ ఉన్న కండ నుజ్జయ్యేది ఆ శక్తికే. ఎక్స్-రేలో కండ కనపడదు కదా అని దాన్ని మర్చిపోతే కుట్టాల్సిన చర్మం మిగలదు.

ఆ అమ్మాయే అడిగింది, బరువు పడిందని ఎముకకు ఎలా తెలుస్తుంది అని. మంచి ప్రశ్న. గంట కొట్టాక వచ్చింది, అదొక్కటే ఇబ్బంది.

ఎముకలోని కణాల్లో 90%కి పైగా ఆస్టియోసైట్లే. ఎముకను కట్టే కణాలు కొన్ని, తాము కట్టినదాంట్లోనే కూరుకుపోయి ఇలా మిగులుతాయి. కూరుకుపోయినా చుట్టూ వెంట్రుకంత కూడా లేని దారుల గుండా చేతులు చాచి ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయి. ఎముక కాస్త వంగితే ఆ దారుల్లోని ద్రవం కదులుతుంది, కణం దాన్ని పసిగడుతుంది. ఊరికే ఉన్నప్పుడు ఇవి స్క్లెరోస్టిన్ అనే ప్రొటీన్ వదులుతూ కట్టేవాళ్ళను ఆపి ఉంచుతాయి. బరువు పడ్డప్పుడు దాన్ని తగ్గిస్తాయి. ఈ ప్రొటీన్ పుట్టుకతోనే లేని అరుదైన జబ్బులో ఎముకలు విపరీతంగా మందమవుతాయి. అక్కడి నుంచి తీగ లాగి దాని జన్యువును 2001లో పట్టుకున్నారు. ఆ ప్రొటీన్‌ను అడ్డుకునే రోమోసోజుమాబ్ అనే మందుకు అమెరికాలో 2019లో అనుమతి వచ్చింది. బరువే పడని అంతరిక్షంలో వ్యోమగాములకు తుంటి దగ్గర నెలకు 1 నుంచి 1.5% ఎముక సాంద్రత పోతుంది. మంచం పట్టిన మనిషిని వీలైనంత త్వరగా నిలబెట్టండని నేను వార్డులో గొంతు చించుకునేది దీనికే.

మా డిపార్టుమెంటు అల్మరాలో నిలువునా కోసిన తొడ ఎముక తల ఒకటుంది. లోపలి సన్నటి ఎముక రేకులు వంపుగా వరసకట్టి ఉంటాయి. 1866లో జూరిచ్‌లో హెర్మన్ ఫాన్ మేయర్ అనే అనాటమీ ప్రొఫెసర్ ఇలాంటిదే చూపిస్తే, ఇంజనీరు కార్ల్ కుల్మన్ దాంట్లో తాను క్రేనుకు గీసిన ఒత్తిడి గీతల్ని గుర్తుపట్టాడట. జర్మన్ సర్జన్ యూలియస్ వోల్ఫ్ 1892లో, పడే బరువును బట్టి ఎముక తన రూపం మార్చుకుంటుందన్న నియమంగా దాన్ని పుస్తకం వేశాడు. పేరంతా ఆయనకే దక్కింది. కణాలు తమంతట తామే సర్దుకుంటాయన్న అసలు ముక్క చెప్పింది విల్‌హెల్మ్ రూ అనే జర్మన్ శాస్త్రవేత్త. వోల్ఫ్ గణితం అక్షరాలా నిలబడదు కూడా. పరీక్షలో మాత్రం వోల్ఫ్ నియమం అనే రాయమన్నాను. మార్కులు వేసేవాళ్ళతో గొడవెందుకు?

సాయంత్రం ఒకరి చేతి ఎముకకున్న పాత ప్లేటు తీశాం. వేయడం కంటే తీయడమే విసుగు. అంచుల మీదికి ఎముక పాకి ఉంటే ఉలితో చెక్కాలి. స్క్రూ తలల గుంటల్లో గట్టిపడిన కణజాలాన్ని సన్నటి కొక్కెంతో గీకి తీస్తే తప్ప డ్రైవరు పట్టదు. ప్లేటు లేచాక కింద ఎముక పాలిపోయి, దాని అచ్చు పడి కనిపించింది. స్టీలు ఎముక కంటే పది రెట్లు బిగువైనది, బరువంతా తనే మోసేసి కింది ఎముకను సోమరిని చేస్తుందని పుస్తకాల్లో ఉంటుంది. తొలి నెలల్లో అక్కడ ఎముక బోలుబోలుగా అవడానికి అసలు కారణం ప్లేటు ఒత్తిడికి రక్తసరఫరా తగ్గడమేనన్నది పెరెన్ వాదన. ఎముకకు తగులుడు తక్కువుండే ప్లేట్లు వచ్చింది అందుకే. నేను ఆయన వైపే. ఏదేమైనా స్క్రూ రంధ్రాలు పూడేదాకా ఆ చేత్తో బరువులు ఎత్తొద్దని చెప్పి పంపాలి, ఒత్తిడంతా వచ్చి ఆ రంధ్రం అంచునే పడుతుంది.

రేపటికి ఒక తలనొప్పి మిగిలింది. ఇదీ మోకాలి కింది ఎముకే, ఇదీ రాడ్డే, కానీ కాలస్ జాడ లేదు. ఒక చివర రాడ్‌ను ఎముకకు బిగించే అడ్డ స్క్రూలు తీసేసి, నడిచినప్పుడు ముక్కలు ఒకదాన్నొకటి ఒత్తుకునేలా చేయాలా? లోపల తొలిచి ఇంకా లావు రాడ్ వేయాలా? మా జూనియరు ఇంకొన్నాళ్ళు ఆగుదామంటున్నాడు. సందు మరీ ఎక్కువుంటే స్క్రూలు తీసి లాభం లేదు, కాలు పొట్టవుతుంది. ముందు సీటీ తీయించమని రాశాను. ఆ పేషెంటును సిగరెట్ల సంగతి మళ్ళీ గట్టిగా అడగాలి. మానేశానని ఒట్టేశాడు గానీ, పోయినసారి చొక్కా జేబులో పెట్టె కనపడుతూనే ఉంది.