మెడ 17, నడుము 32

అమెరికాలో ఫార్మల్ చొక్కా కొనాలంటే రెండు అంకెలు తెలియాలి. ఒకటి మెడ చుట్టుకొలత, రెండోది చేతి పొడవు. రెండూ అంగుళాల్లోనే. లేబుల్ మీద 15½, 32/33 అని ఉంటే మెడ పదిహేనున్నర, చెయ్యి 32 నుంచి 33 వరకు అని. నా మెడ 17, చెయ్యి 32. న్యూజెర్సీలో ఏ పెద్ద షాపుకెళ్లినా దీనికి దగ్గర సైజు దొరుకుతుంది. తొడుక్కుంటే కాలరు చక్కగా కూర్చుంటుంది. నడుము దగ్గర మాత్రం అటు జానెడు, ఇటు జానెడు గుడ్డ వేలాడుతుంది. టక్ చేస్తే ఆ గుడ్డంతా బెల్టు మీదికి బూరెలా పొంగుతుంది.

నా ఒంటి తీరు అలాంటిది. మాది విజయనగరం జిల్లా, నెల్లిమర్ల వైపు. వెయిట్‌లిఫ్టింగ్ గురించి కాస్త తెలిసినవాళ్లు అక్కడి కొండవెలగాడ అనే ఊరి పేరు వినే ఉంటారు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి కాంస్యం తెచ్చినప్పుడు మా వైపు పిల్లలం చాలామందిమి బరువులు పట్టాం. ఇంజనీరింగ్ అయ్యేదాకా నేను ఆ సాధన వదల్లేదు, ఇక్కడికొచ్చాకా వదల్లేదు. ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు, భుజం 19, ఛాతీ 44, నడుము 32. బరువులెత్తేవాళ్లకి మెడ, మెడ నుంచి భుజానికి దిగే కండ, వీపు పెరుగుతాయి. నడుము అలాగే ఉంటుంది.

రెడీమేడ్ చొక్కా లెక్క వేరు. ఒక సైజుకి నమూనా తయారుచేసి, దాన్నుంచి మిగతా సైజులన్నీ అంచెలంచెలుగా పెంచుకుంటూ పోతారు. మెడ అరంగుళం పెరిగితే ఛాతీ, నడుము కూడా ఆ లెక్కన పెరగాల్సిందే. మెడ 17 అంటే పొట్ట ఉన్న మనిషేనని ముందే అనుకుని కత్తిరించిన చొక్కా అది. ఒక రెగ్యులర్ ఫిట్ చొక్కాని బల్ల మీద పరిచి టేపు పెట్టి చూశాను. నడుము దగ్గర చుట్టు 48 అంగుళాలు! స్లిమ్ ఫిట్‌కి వెళ్తే నడుము తగ్గుతుంది గానీ దాంతోపాటు వీపు, చంక, జబ్బ కూడా తగ్గుతాయి. కీబోర్డు మీద చేతులు పెట్టేసరికి వీపు బిగుసుకుపోతుంది. మోచెయ్యి మడిస్తే జబ్బ దగ్గర కుట్టు లాగుతుంది.

ఈ ఇబ్బంది నా ఒక్కడిదే కాదు. మెడ 15, నడుము 38 ఉన్న స్నేహితులున్నారు. పొట్టకి సరిపడేది కొంటే వాళ్లకి కాలరు మెడ చుట్టూ తిరుగుతుంది. మా టీములో ఒక గోదావరి జిల్లా కుర్రాడు ఆరడుగుల మూడంగుళాల పొడుగు, సన్నటి మనిషి. మెడ 15, చెయ్యి 36. ఈ రెండూ కలిసిన చొక్కా మామూలు షాపుల్లో కనబడదు. చేతులు మణికట్టుదాకా రావని ఎండాకాలం చలికాలం తేడా లేకుండా స్లీవ్స్ మోచెయ్యి దాకా మడుచుకునే ఉండేవాడు. చూసేవాళ్లు అది స్టైల్ అనుకునేవాళ్లు.

ఇంతకీ మెడ కొలతకే ఇంత పెద్దపీట ఎందుకంటే దానికో కథ ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డున ట్రాయ్ అనే ఊరుంది. 1827లో అక్కడ హన్నా లార్డ్ మాంటేగ్ అనే ఆవిడ, భర్త చొక్కాల్లో కాలర్లే ముందు మాసిపోతున్నాయని, కాలరు కత్తిరించి విడిగా ఉతికి మళ్లీ తగిలించిందని చెబుతారు. తర్వాత్తర్వాత కాలర్లు విడిగా తయారుచేసి అమ్మడమే ఆ ఊరికి పెద్ద పరిశ్రమ అయింది, కాలర్ సిటీ అనే పేరొచ్చింది. మనవాళ్లకి తెలిసిన యారో బ్రాండు అక్కడి క్లూయెట్ పీబాడీ కంపెనీలో పుట్టిందే. 1993లో అరవింద్ వాళ్లు దాన్ని ఇండియాకి తెచ్చారు. కోటు కింద చొక్కా ఎంత వదులుగా ఉన్నా ఎవరికీ కనబడని రోజుల్లో, గంజి పెట్టిన కాలరు ఒక్కటే మెడకి సరిగ్గా పట్టాలి. అలా కొలత మెడ దగ్గర మొదలైంది, ఇప్పటికీ అక్కడే మొదలవుతోంది. ఇండియాలో ఫార్మల్ చొక్కాల మీద కనిపించే 39, 40, 42 కూడా మెడ కొలతలే, సెంటీమీటర్లలో. ఛాతీ అనుకునేవాళ్లే ఎక్కువ. 40 అంటే అంగుళాల్లో దాదాపు పదిహేనూ ముప్పావు.

చేతి కొలతలో కూడా కొత్తవాళ్లు తికమకపడతారు. మన టైలరు మేస్త్రి భుజం కుట్టు దగ్గర టేపు పెట్టి మణికట్టుదాకా కొలుస్తాడు. ఇక్కడ మెడ వెనక ఎముక దగ్గర మొదలుపెట్టి, భుజం మీదుగా మణికట్టుదాకా లాగుతారు. ఊళ్లో నా చెయ్యి 22½. దానికి భుజంలో సగం తొమ్మిదిన్నర కలిపితే ఇక్కడి 32 అవుతుంది. ఈ ఒక్క లెక్క తెలిస్తే షాపులో సగం టెన్షన్ పోతుంది. 32/33 అని కలిపి రాసిన చొక్కాలు నిజానికి 33కే కుడతారు, తక్కువ చెయ్యి ఉన్నవాళ్లు బిగించుకోవడానికి కఫ్ మీద రెండు గుండీలు పెడతారు. ఛార్లెస్ టిర్విట్ లాంటి లండన్ కంపెనీలు 32, 33, 34 విడివిడిగా అమ్ముతాయి. చేతుల దగ్గరే ఇబ్బంది ఉన్నవాళ్లు అలాంటివి చూసుకోవడం మంచిది.

మరి నాలాంటివాళ్లు ఏం చెయ్యాలి? మెడకీ భుజానికీ సరిపోయేది కొనాలి, మిగతాది కత్తిరించుకోవాలి. కాలరుని పెద్దది చెయ్యలేం, గుండీ జరిపితే పావంగుళం వస్తుందేమో. భుజం కుట్టు విప్పి మళ్లీ కుట్టడం చొక్కా ఖరీదుని మించిన పని. నడుము తగ్గించడం మాత్రం తేలిక.

ఎడిసన్‌లో మా ఇంటికి దగ్గర్లో ఒక కొరియా ఆవిడ డ్రై క్లీనింగ్ షాపు ఉంది. కుట్టుపని అంతా ఆవిడే చేస్తుంది. చొక్కా చేతిలో పెట్టి ఇంత తగ్గించమంటే తీసుకోదు. ఆఫీసు ప్యాంటు, బెల్టు వేసుకుని, టక్ చేసి నిలబడమంటుంది. మొదట వీపు మీద రెండు పక్కలా రెక్క ఎముకల కింద నుంచి నిలువుగా గుడ్డ పట్టి, మడత పెట్టి, పసుపు తలల పిన్నులు వరసగా గుచ్చుతుంది. మడత నడుము దగ్గర వెడల్పుగా ఉండి పైకీ కిందికీ సన్నబడుతుంది. అవి డార్ట్‌లు. అది చాలకపోతేనే పక్క కుట్లు లోపలికి తీస్తుంది. తర్వాత స్టూలు చూపిస్తుంది. "కడుపు లోపలికి లాగకండి, భోజనం చేశాక ఎలా కూర్చుంటారో అలా కూర్చోండి." అప్పుడు ఒకటో రెండో పిన్నులు తీసి వదులు చేస్తుంది. చెయ్యి కిందికి వదలమని, బొటనవేలు మొదట్లో ఉన్న ఎముక దగ్గర సుద్దతో గీత పెడుతుంది. కఫ్ విప్పి, చెయ్యి కత్తిరించి, మళ్లీ కఫ్ వేస్తుంది. అంగుళంన్నర మించి మాత్రం తగ్గించనంటుంది. అంతకంటే తగ్గిస్తే కఫ్ పైన ఉండే చీలిక పొట్టిదైపోయి, అక్కడి చిన్న గుండీ కఫ్‌కి అతుక్కుపోతుందట. చొక్కా నలభై డాలర్లయితే ఆవిడ కూలి ముప్ఫై. ఆ ముప్ఫైకి నేనెప్పుడూ వెనకాడను.

కుట్టడానికి ఇచ్చేముందు కొత్త కాటన్ చొక్కాని ఒకటి రెండుసార్లు ఉతికి, ఇంట్లో డ్రయ్యర్ వాడేవాళ్లయితే అందులోనే ఆరబెట్టి ఇవ్వాలి. గుడ్డ ముడుచుకుపోకుండా ముందే కుదించే సాన్ఫొరైజింగ్ పద్ధతి కనిపెట్టిన శాన్‌ఫర్డ్ క్లూయెట్ కూడా పైన చెప్పిన ట్రాయ్ కంపెనీ మనిషే. అయినా డ్రయ్యర్ వేడికి కాలరు ఎంతో కొంత తగ్గుతుంది. కొన్న రోజున గుండీ పెట్టాక కాలరుకీ మెడకీ మధ్య రెండు వేళ్లు దూరాలి.

చొక్కా గురించి ఇంత పట్టింపు ఎందుకని మావాళ్లు అడుగుతారు. 2019లో గోల్డ్‌మన్ శాక్స్ లాంటి సంస్థే సూటూ టైయీ తప్పనిసరి కాదంది కదా, టీషర్టుతో ఆఫీసుకెళ్లే రోజులు కదా అంటారు. నా పని ఇన్సూరెన్స్ క్లయింట్లతో. వాళ్ల గదిలోకి టై కట్టుకునే వెళ్లాలి. నా యాస వేరు, నా పేరు పలకడానికి వాళ్లు ఒక్క క్షణం ఆగుతారు. ఆ పైన కాలరు గుండీ పట్టక టై పక్కకి జారి, చొక్కా బెల్టు మీంచి పొంగుతూ ఉంటే, నేను చెప్పే లెక్కల కంటే ముందు అదే వాళ్ల కళ్లలో పడుతుంది. సరిగ్గా కుదిరిన చొక్కా వేసుకున్న రోజున నా ధ్యాస బట్టల మీదికి పోదు, చెప్పాల్సిన విషయం మీదే ఉంటుంది. పరాయి దేశంలో ఉద్యోగం చేసేవాడికి ఆ నిశ్చింత చాలా అవసరం.

అన్నిటికంటే బాగా కుదిరిన చొక్కాలు మాత్రం విజయనగరంలో మా మేస్త్రి కుట్టినవే. చంక దగ్గర ఆయన పనితనం చూడాలి. చంక ఎంత కిందికి దిగితే అంత హాయి అనుకుంటాం. అలా దిగిన చొక్కాలో చెయ్యి పైకెత్తితే చొక్కా మొత్తం దాంతోపాటు లేచి, టక్ ఊడిపోతుంది. బోర్డు మీద రాసేవాళ్లకి ఇది రోజూ ఉండే బాధే. మేస్త్రి చంక పైకి పెట్టి, జబ్బ దగ్గర మాత్రం గుడ్డ వదులుతాడు. "బరువులెత్తే చెయ్యి కదా బాబూ, ఇక్కడ బిగిస్తే చినిగిపోద్ది" అంటాడు. 58 అంగుళాల వెడల్పున్న పన్నాలో మామూలుగా చొక్కాకి 1.60 మీటర్లు చాలు. నాకు 1.80 తెమ్మంటాడు.

ఇండియా నుంచి కొత్తగా వచ్చే కుర్రాళ్లు బయల్దేరేముందు ఒకేసారి పది చొక్కాలు కుట్టించేసుకుంటున్నారు. ఆ పని చెయ్యొద్దు. రెండు కుట్టించుకుని, ఉతికి, పొద్దున్నుంచి సాయంత్రందాకా వేసుకుని చూడండి. కూర్చోండి, చేతులెత్తండి, టై కట్టండి. తేడా ఉన్నచోట గుర్తుపెట్టి, చొక్కాతో సహా మేస్త్రికి చూపించండి. ఆయన సరిచేసిచ్చిన దాన్ని కొలతకి ఆదిగా అక్కడే వదిలేసి, రెండోది మీ వెంట తెచ్చుకోండి. ఆన్‌లైన్‌లో కొలతలిచ్చి కుట్టించుకునే కంపెనీలకి ఒంటి కొలతల కంటే అలాంటి చొక్కా కొలతలు ఇవ్వడమే మేలు. గుండీలు పెట్టి బల్ల మీద పరిచి, చంక కింద, నడుము దగ్గర, అంచు దగ్గర అడ్డంగా కొలవండి. కాలరుని మాత్రం గుండీ విప్పి పరిచి, గుండీ మధ్య నుంచి కాజా చివరిదాకా కొలవాలి.