డ్రాప్స్ వేసే ముందు ప్యూపిల్స్ చూడండి: ఆప్టోమెట్రీ ప్రాక్టికల్స్‌లో నా రెండో అటెంప్ట్

ఫ్రెండ్స్, నిన్న రిజల్ట్స్ వచ్చాయి. క్లినికల్ ప్రాక్టికల్స్ పాసయ్యాను, రెండోసారికి. అమ్మకు ఫోన్ చేస్తే కాసేపు నాకు మాటే రాలేదు. థియరీ ఎలా చదవాలో మీకు తెలిసిందే, దాని జోలికి పోను. మొదటిసారి ఎందుకు ఫెయిలయ్యానో మాత్రం మొత్తం చెప్తాను. అదే తప్పు ఇప్పుడు జూనియర్లు చేస్తుంటే చూస్తూ ఊరుకోలేకపోతున్నాను.

లాంగ్ కేస్‌లో నాకు వచ్చింది అరవై దాటిన పెద్దాయన. కుడికన్ను మసకగా ఉందన్నారు. చూపు కుడికంట 6/24, ఎడమకంట 6/9. పిన్‌హోల్ (సన్నని రంధ్రం ఉన్న పలక) పెట్టినా కుడికన్ను 6/18 దగ్గరే ఆగింది. టార్చ్ వేయగానే రెండు కళ్లలోనూ శుక్లం, కుడివైపు కాస్త ఎక్కువ. అంతే, నా మనసులో కేసు అయిపోయింది. కనుపాపల మీద టార్చ్ ఇటోసారి అటోసారి ఊపి 'ప్యూపిల్స్ నార్మల్' అని రాసేశాను. రిఫ్రాక్షన్, స్లిట్ ల్యాంప్ అయ్యాయి. కంటి ప్రెషర్ కుడి 19, ఎడమ 17. కనుపాపలు పెద్దవి చేసే ట్రోపికామైడ్ డ్రాప్స్ వేశాను.

కనుపాపలు విప్పారాక 90డి లెన్స్‌తో చూస్తే కుడి డిస్క్‌లో (కంటి నరం మొదలు) కప్, అంటే మధ్య గుంట, 0.9; కింది రిమ్, అంటే గుంట చుట్టూ ఉండే నరం అంచు, దాదాపు లేదు. ఎడమది 0.5. నా చేతులు చల్లబడ్డాయి. ఎగ్జామినర్ నా షీట్ చూసి అడిగారు: "ఒకవైపు నరం ఇంత దెబ్బతింటే ప్యూపిల్స్ నార్మల్ ఎలా అయ్యాయి? మళ్లీ చూపించు." ఏం చూపించను? మందు పడి రెండూ పెద్దవై ఉన్నాయి. ఆ రోజుకు ఆ జవాబు పోయినట్టే.

శుక్లం ఎంత ముదిరినా ఆ కంట్లో ఆర్‌ఏపీడీ (ఒక కంటి నరం దెబ్బతిని, ఆ కంటి మీద లైటు పడితే కనుపాపలు సరిగా ముడుచుకోకపోవడం) రాదని నాకు తెలుసు. ప్రెషర్ 21 లోపు ఉన్నా గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉండొచ్చని, కార్నియా పలచనైతే రీడింగ్ తక్కువ చూపిస్తుందనీ తెలుసు. నేను చదవని మనిషిని కాను. పోస్టింగ్స్‌లో రోజూ బారులు తీరిన పేషెంట్లు, త్వరగా డ్రాప్స్ వేసి కూర్చోబెట్టాలన్న తొందర. ఆ అలవాటే పరీక్ష గదిలోకీ వచ్చింది. అయినా చూడనిదాన్ని చూసినట్టు రాసింది నా చెయ్యే.

ఆ తర్వాత ప్రతి పేషెంట్‌కూ ఒకటే పద్ధతి పెట్టుకున్నాను. గది లైట్లు తగ్గించాలి. దూరంగా ఉన్న అక్షరం చూడమనాలి, దగ్గరికి చూస్తే కనుపాప దానికదే ముడుచుకుంటుంది. ఒక్కో కంటి మీద మూడు సెకన్లు లైటు ఆపి, చటుక్కున రెండో కంటికి మారాలి. లైటు మారగానే కనుపాప మొదట ఎటు కదిలిందో చూడండి, ఆ తర్వాత దానికదే ఊగే చిన్న కదలికలను లెక్కలోకి తీసుకోకండి. స్నేహితుల కళ్లు చూస్తే అన్నీ మామూలే కాబట్టి, పాజిటివ్ కేసు వస్తే పిలవమని సీనియర్లను బతిమాలాను. లైటు పడితే ముడుచుకోవాల్సిన కనుపాప మెల్లగా విచ్చుకోవడం మొదటిసారి చూసిన రోజు, ఆ పరీక్ష నాకు అర్థమైంది.

డ్రాప్స్‌కు ముందు వాన్ హెరిక్ (స్లిట్ ల్యాంప్‌తో కంటి ముందు గది లోతు అంచనా వేసే పరీక్ష) కూడా వదలొద్దు. కార్నియా అంచు దగ్గర ఆ గది లోతు కార్నియా మందంలో పావు వంతు, లేదా అంతకన్నా తక్కువ కనిపిస్తే చేయి ఆపి పెద్దవాళ్లకు చెప్పాలి. టైప్ 2 డయాబెటిస్ అని తెలిసిన వెంటనే రెటీనా చూడాలి, చూపు 6/6 ఉన్నా సరే. ఇవన్నీ మీకు వచ్చు. వచ్చినవి ప్రతిసారీ చేస్తున్నారా? మీరు రాసే 'నార్మల్' నమ్మి ఒక మనిషి ఇంటికెళ్లిపోతాడు. విసుగొచ్చిన రోజు కూడా చేయాలి, నలభయ్యో పేషెంట్‌కు కూడా చేయాలి.

రెండోసారి నాకు వచ్చింది మామూలు మయోపియా ఉన్న అమ్మాయి. లైట్లు తగ్గించమని అడిగి, మనసులో మూడు లెక్కపెడుతూ నాలుగుసార్లు మార్చి చూశాను. 'ఆర్‌ఏపీడీ లేదు' అని రాశాను. ఎగ్జామినర్ నా చేతిలో టార్చ్ తీసుకుని తనూ చూశారు. టిక్ పెట్టి, "ఇక డ్రాప్స్ వేయొచ్చు" అన్నారు.